రహన్‌లో పడిన గడ్డ: తరిమెల నాగిరెడ్డి అడిగిన హిసాబ్

మా నానీమా ఇనుప పెట్టె మీద ఎప్పుడూ ఒక పాత సంచి పరిచి ఉండేది. మందపాటి తెల్ల గుడ్డ. ఉతికి ఉతికి పసుపు రంగుకు తిరిగింది. దాని మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. మా నానాజాన్ రాయదుర్గం దగ్గర ఒక పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరు. పిల్లలకు ఉప్మా వండడానికి వచ్చిన అమెరికా రవ్వ అయిపోయాక ఖాళీ సంచులు ఇట్లా ఇళ్లకు చేరేవి. మా ఖాలాలు, మామూలు ఆ సంచుల మీద కూర్చునే ఖాయిదా చదువుకున్నారు.

నానీమాకు ఒక సందేహం ఉండేది. చదువు రాని మనిషి, కానీ పైసా లెక్క తప్పేది కాదు. మా ఇంటి దక్కనీలో ఆమె అడిగిన మాటను తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది: "స్కూల్లో ఉప్మా ముఫ్త్‌గా పెట్టినారు, సరే. డిపోలో ఎర్ర గోధుమలు మాత్రం మేం పైసలిచ్చి కొన్నాం. రేడియోలో ఏమో అమెరికా ఖైరాత్ అంటారు. ఖైరాత్ అయితే నా పైసలు ఎవరు తీసుకున్నట్లు బేటా?"

ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అబ్బా నవ్వి ఊరుకునేవారు. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఖారిజా పాలసీ అని ఒక పాఠం ఉండేది. పంచశీల, నాన్ అలైన్‌మెంట్, నెహ్రూ సాబ్ ఫోటో. నానీమా పైసల సంగతి అందులో లేదు.

తర్వాత తెలుగు డిగ్రీ చదవడానికి అనంతపురం వెళ్లాను. అక్కడ పాత పుస్తకాల మధ్య ఒక లావుపాటి పుస్తకం దొరికింది. పేరు తాకట్టులో భారతదేశం. రాసింది తరిమెల నాగిరెడ్డి. అనంతపురం జిల్లా పెద్దవాళ్లకు ఆ పేరు పరిచయం చేయాల్సిన పని లేదు. ఈ తరం పిల్లలకు, ముఖ్యంగా మన ఇళ్లల్లో పిల్లలకు, చేయాలి. నానీమా ప్రశ్నకు జవాబు నాకు ఆ పుస్తకంలోనే దొరికింది. ఎందుకు మరి ఒక రెడ్డి కామ్రేడ్ గురించి ఇక్కడ రాస్తున్నావని అడిగేవాళ్లు ఉంటారు. చివరిదాకా చదివి అడగండి.

ముందు ఆ తాకట్టు అనే మాట దగ్గర ఆగుదాం. మనం ఇంట్లో గిర్వీ అంటాం. ఫిఖ్ కితాబుల్లో రహన్ అంటారు. మా వైపు పల్లెల్లో భూమి తాకట్టు ఒక తీరుగా నడిచేది. అప్పు తీసుకున్న రైతు పొలాన్ని అప్పిచ్చినవాడి చేతిలో పెడతాడు. అప్పు తీరేదాకా పంట అప్పిచ్చినవాడిది. ఏళ్ల తరబడి పంట తిన్నా అసలు మాత్రం అట్లే ఉంటుంది. రహన్‌లో పెట్టిన వస్తువు అమానత్ లాంటిది, దాని లాభం అప్పిచ్చినవాడు తింటే అది సూద్ కిందికే వస్తుందని చాలామంది ఉలమా చెప్పిన మాట మనకు తెలుసు. నాగిరెడ్డికి ఈ మసలా తెలిసి ఉంటుందని నేను అనుకోను. ఆయన పక్కా మార్క్సిస్టు. కానీ ఆయన అడిగింది సరిగ్గా అదే: పొలం మనది, చెమట మనది, పంట ఎవరిది?

ఈ ప్రశ్న అడగడానికి సీమ మనిషికి ఉన్నంత హక్ ఇంకెవరికీ లేదు. ఎందుకంటే మన గడ్డే ఒకప్పుడు ఒక ఫౌజు జీతం కింద జమ అయిపోయింది.

ఆ తారీఖ్ ఇది. 1798లో హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. అప్పటిదాకా ఆయన దగ్గర ఫ్రెంచి అఫ్సర్ల కింద ఒక ఫౌజు ఉండేది. దానికి పెద్ద రేమాండ్. హైదరాబాద్ వాళ్లు మూసారాంబాగ్ అనే పేట పేరు వెనుక ఉన్నది ఆయనే. రేమాండ్ ఆ ఏడాదే చనిపోయాడు. ఒప్పందం ప్రకారం ఫ్రెంచి ఫౌజును రద్దు చేసి, కంపెనీ ఫౌజును పెట్టుకోవాలి. దాని ఖర్చు ఏడాదికి 24 లక్షల రూపాయలకు పైగా నిజాం ఖజానా నుంచి కట్టాలి. మరుసటి ఏడాది శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ షహీద్ అయ్యాడు. మైసూరు రాజ్యంలోంచి నిజాం వాటాకు వచ్చిన ముక్కల్లో మన ప్రాంతం ఉంది. 1800 అక్టోబరులో ఇంకో ఒప్పందం. ఫౌజు సంఖ్య పెరిగింది, ఖర్చు పెరిగింది. ఏటేటా నగదు కట్టే బదులు 1792లో, 1799లో మైసూరు నుంచి తనకు వచ్చిన ఇలాఖాలన్నీ నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం అట్లా పోయింది. రాయదుర్గం కోట కూడా అందులోనే. టిపూ చేతిలోంచి నిజాంకు, నిజాం చేతిలోంచి కంపెనీకి, ఏడాదిన్నర తిరగకముందే.

ఆ ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. కంపెనీ ఇజాజత్ లేకుండా నిజాం వేరే ఏ రాజ్యంతోనూ మంతనాలు జరపకూడదు. అంటే ఫౌజు ఖర్చు కింద భూమి పోయింది, భూమితో పాటు ఖారిజా పాలసీ కూడా పోయింది. రెండూ ఒకే కాగితం మీద. అవామ్‌ను ఎవరూ అడగలేదు, అడిగే రివాజే లేదు అప్పుడు. కంపెనీ తరఫున థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి అనంతపురంలో కూర్చుని, పాళెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి శిస్తు వేశాడు. మన ప్రాంతానికి సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్త మండలాలు అని పేరు పడింది. ఇచ్చేసిన జిల్లాలు అని అర్థం. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా, 128 ఏళ్లు, మనం ఆ పేరుతోనే బతికాం.

ఇంకొక మెట్టు చెప్పి నాగిరెడ్డి దగ్గరికి వస్తాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కహత్‌ను మన వైపు ధాత కరువు అంటారు. అప్పుడు రాయదుర్గం బళ్లారి జిల్లాలో ఉంది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో అదొకటి. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాను కైసరె హింద్ అని ప్రకటించాడు. ఆ నెలల్లోనే ఖర్చు తగ్గించమని రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు పంపాడు. కరువు పనిలో రాళ్లు కొట్టే మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలని టెంపుల్ లెక్క కట్టాడు. ఇప్పటి తూకంలో అరకిలో కంటే తక్కువ. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ ఇది ప్రాణాలు నిలబెట్టే కూలి కాదని గట్టిగా వాదించాడు. తర్వాత 1878లో, ఇకముందు కరువులొస్తే ఆదుకోవడానికి అని కొత్త పన్నులు వేసి, ఏటా కోటిన్నర రూపాయలు పక్కన పెడతామని హుకూమత్ వాదా చేసింది. ఆ ఏడాది నవంబరులో అఫ్గానిస్తాన్ మీద జంగ్ మొదలైంది. కరువు పేరుతో వసూలు చేసిన సొమ్ము జంగ్ ఖర్చులో కలిసిపోయింది. 1881 జనాభా లెక్క తీస్తే బళ్లారి జిల్లాలో 1871 కంటే జనం బాగా తగ్గిపోయి ఉన్నారు.

రష్యా ఎక్కడ, కాబుల్ ఎక్కడ, మన రాళ్లు కొట్టే కూలీ ఎక్కడ? కానీ ఒకరి సంచి లోంచి తీసి ఇంకొకరి తుపాకీలో పోశారు. ఖారిజా పాలసీ అంటే పెద్దవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ గడ్డ మీదనే, ఇప్పటి శింగనమల మండలం తరిమెల గ్రామంలో, 1917 ఫిబ్రవరిలో నాగిరెడ్డి పుట్టాడు. కలిగిన భూస్వామి కుటుంబం. రిషివ్యాలీలో చదివాడు, మద్రాసు లయోలాలో చదివాడు, తర్వాత బనారస్ హిందూ యూనివర్సిటీ. ఆ చదువుకు ఆ రోజుల్లో కలెక్టరు కుర్చీ కూడా దూరం కాదు. ఆయన కమ్యూనిస్టు అయి తిరిగొచ్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, 1940లో, యుద్ధం దాని ఆర్థిక ప్రభావం గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఎవరో విదేశాల్లో చేసే జంగ్‌కు మన పల్లెలో ఉప్పు, కిరోసిన్, గుడ్డ ఎందుకు పిరమవుతాయో చెప్పే పుస్తకం. అందుకు జైలు. బాంబు వేయలేదు, రైలు పట్టా పీకలేదు. జంగ్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో రాశాడు, అంతే. 23 ఏళ్ల కుర్రవాడు రాసిన ధరల లెక్కకు సర్కార్ అంత భయపడింది. హుకూమత్‌లకు నినాదాల కంటే హిసాబ్ అంటే ఎక్కువ డర్ అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1952లో మొదటి ఇంతెఖాబ్. మద్రాసు అసెంబ్లీకి అనంతపురం నుంచి నాగిరెడ్డి నిలబడ్డాడు. ఎదుట కాంగ్రెస్ తరఫున ఎవరు? ఆయన చెల్లెలు భర్త, నీలం సంజీవరెడ్డి. తర్వాత ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకర్, రాష్ట్రపతి అయిన మనిషి. బావమరిది బావను ఓడించాడు. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చునే ఇద్దరు, హుకూమత్ అంటే ఏమిటనే దాని మీద తూర్పు పడమర. అప్పటికి మన రాయదుర్గం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరుతో పాటు రాయదుర్గం తాలూకా ఇటు వచ్చి అనంతపురంలో కలిసింది. మా ఇళ్లల్లో పెళ్లి సంబంధాలు, ఆస్పత్రి, జౌళి బేరం మాత్రం ఇప్పటికీ బళ్లారి వైపే చూస్తాయి. అది వేరే కథ.

1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. 1962 దాకా ఉన్నాడు. ఆ ఐదేళ్లు చాలా ముఖ్యమైనవి, ఎందుకంటే ఈ దేశం అప్పుల ఖాతా పెద్దదైంది సరిగ్గా అప్పుడే. ఆంగ్రేజులు పోతూ పోతూ మనకు బాకీ ఉన్న స్టెర్లింగ్ నిల్వలు రెండో ప్రణాళిక మిషన్లకు, గింజలకు కరిగిపోయాయి. 1957కి విదేశీ మారకం గల్లా ఖాళీ అయ్యే పరిస్థితి. 1958 ఆగస్టులో వరల్డ్ బ్యాంకు పిలుపు మీద అప్పులిచ్చే దేశాలు ఒకచోట కూర్చున్నాయి. ఎయిడ్ ఇండియా కన్సార్టియం అని దానికి పేరు. పల్లెలో షావుకారు ఒక్కడే ఉంటే ఇంకో షావుకారు దగ్గరికి పోవచ్చు. షావుకార్లందరూ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటే అప్పు అడిగేవాడు ఎక్కడికి పోవాలి?

ఇక నానీమా గోధుమలు. అమెరికాలో 1954లో పబ్లిక్ లా 480 అని ఒక చట్టం వచ్చింది. అక్కడి రైతుల దగ్గర గింజలు మిగిలిపోయి గోడౌన్లు నిండిపోయాయి. ధర పడిపోకుండా వాటిని బయటి దేశాలకు పంపాలి. మనకు గింజలు కావాలి, డాలర్లు లేవు. పర్వాలేదు, మీ రూపాయలే ఇవ్వండి అన్నారు. 1956 ఆగస్టులో మొదటి ఒప్పందం. 1960 మేలో వాషింగ్టన్‌లో పెద్ద ఒప్పందం, నాలుగేళ్లలో కోటి 60 లక్షల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం. మన తరఫున దస్తఖత్ చేసింది ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్.

రూపాయలు ఎక్కడికి పోయాయి? డిపోలో నానీమా ఇచ్చిన పైసలు సర్కార్‌కు చేరాయి. సర్కార్ గోధుమల ధరను అమెరికా పేరున ఇక్కడే ఖాతాలో జమ చేసింది. ఆ ఖాతాలోంచి కొంత అమెరికా రాయబార కార్యాలయం ఇక్కడి ఖర్చులకు వాడుకుంది. కొంత అమెరికా కంపెనీలకు, వాటితో కలిసి పనిచేసే ఇక్కడి కంపెనీలకు అప్పుగా ఇచ్చారు. ఎక్కువ భాగాన్ని మన సర్కార్‌కే అప్పుగా, కొంత గ్రాంటుగా ఇచ్చారు. జర ఆలోచించండి. నానీమా రూపాయి అమెరికా రూపాయిగా మారి, మళ్లీ నానీమా సర్కార్‌కే ఖర్జ్‌గా వచ్చింది. అప్పటికి నానీమా ఆ గోధుమలతో రొట్టెలు చేసి, తిని, మరిచిపోయింది కూడా. ఆమె ప్రశ్నకు జవాబు ఇదే. ఖైరాత్ కాదు, సౌదా. తక్కువ సూద్‌తో, ఎక్కువ గడువుతో, కానీ సౌదానే.

నాగిరెడ్డి వాదన ఇక్కడ మొదలవుతుంది. గింజలు లేవు కాబట్టి అప్పు తెచ్చాం అంటారు పాలకులు. గింజలు ఎందుకు లేవు అని ఆయన అడుగుతాడు. భూమి దున్నేవాడి చేతిలో లేదు. భూసంస్కరణ చట్టాలు పుస్తకాల్లో ఉన్నాయి, పొలాలు ఆ పాత కుటుంబాల్లోనే ఉన్నాయి. పెద్ద భూస్వామిని నొప్పించకుండా ఉండడానికి ఢిల్లీ వాషింగ్టన్‌ను బతిమాలుకుంటోంది. భూస్వామి ఇంట్లో పుట్టినవాడు ఈ మాట అనడం చిన్న విషయం కాదు. ఖారిజా పాలసీ అసలు పునాది విదేశాల్లో కాదు, తరిమెల పొలాల్లో ఉందని ఆయన చూశాడు. సర్కార్ ఖర్చుల గురించి ఆయన, ఆనాటి కమ్యూనిస్టు సభ్యులు అందరూ చెప్పిన ఇంకో మాట: ప్రణాళిక పేరు గొప్పది, దానికి పైసలు మాత్రం అగ్గిపెట్టె మీద, పొగాకు మీద, కిరోసిన్ మీద వేసే పన్నులోంచి వస్తున్నాయి. గరీబు కట్టే పన్ను పైకి కనిపించదు, అమీరు ఎగ్గొట్టే పన్ను కూడా పైకి కనిపించదు.

ఇంకొకటి గమనించండి. మన దేశంలో విదేశాలతో ఒప్పందం చేసుకోవడానికి హుకూమత్ పార్లమెంట్ ఓటు తీసుకోవాల్సిన పని లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అమెరికాలో అయితే సెనేట్ దగ్గరికి కొన్ని ఒప్పందాలైనా వెళ్లాలి. మన దగ్గర దస్తఖత్ అయ్యాక సభలో బయాన్ ఇస్తే చాలు. బడ్జెట్‌లో కూడా టైమ్ అయిపోగానే గిలెటిన్ అని ఒక పద్ధతి ఉంది, చర్చ జరగని శాఖల పద్దులన్నీ ఒకే దెబ్బకు పాస్ అయిపోతాయి. ఐదేళ్లు ఈ సభలో కూర్చున్న మనిషి తర్వాత పార్లమెంటు మీద ఎంత కడుపు మంటతో రాశాడో చదివినప్పుడు, నాకు ఆశ్చర్యం వేయలేదు.

1965, 1966. వరుసగా రెండేళ్లు వానలు లేవు. 1966లో దేశం తెచ్చుకున్న గింజలు కోటి టన్నులు దాటాయి. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంవత్సరాల ఒప్పందాలు ఆపేసి, నెలనెలా చూసి ఓడలు పంపే పద్ధతి పెట్టాడు. పగ్గం పొట్టిగా పట్టుకోవడం అన్నమాట. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు ఎక్కింది. డాలర్లలో తీర్చాల్సిన అప్పు 100 రూపాయలుంటే, ఒక్క కొత్త పైసా తీసుకోకుండానే రాత్రికి రాత్రి 157 అయ్యింది. జూలైలో ఇందిరా గాంధీ మాస్కో వెళ్లినప్పుడు, వియత్నాం మీద బాంబులు ఆపాలని అక్కడి ఉమ్మడి ప్రకటనలో రాశారు. జాన్సన్‌కు కోపం వచ్చింది. గోధుమల ఓడలు ఆలస్యమయ్యాయి. ఒక దేశం జంగ్ గురించి ఏ మాట మాట్లాడాలో ఇంకో దేశం గోధుమలు నిర్ణయించే పరిస్థితి. 1800 నాటి కాగితంలోని షరతుకు, దీనికి తేడా ఉంది, నేను కాదనను. ఇక్కడ నోరు తెరవడానికి ఇజాజత్ అడగలేదు. తెరిచాక డిపో ముందు లైను పెరిగింది.

నాగిరెడ్డిని నేను గౌరవించేది ఇంకో కారణానికి. ఆ రోజుల్లో అమెరికాను తిట్టడం కమ్యూనిస్టుకు కష్టమైన పని కాదు. ఆయన తర్వాత రష్యా అప్పుల లెక్క కూడా అంతే కఠినంగా తీశాడు. వాళ్ల మిషన్ల ధర ఎంత, ఆయుధాల షరతులేమిటి, రూపాయి వ్యాపారంలో లాభం ఎవరిదని అడిగాడు. సొంత ఇంటి పెద్దను ప్రశ్నించినట్లే అది. 1962 చైనా జంగ్ తర్వాత డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద కమ్యూనిస్టులను విచారణ లేకుండా లోపల వేశారు, గద్దార్లు అన్నారు. 1964లో పార్టీ చీలింది. 1962లో పుట్లూరు నుంచి, 1967లో అనంతపురం నుంచి రాష్ట్ర అసెంబ్లీకి గెలిచిన నాగిరెడ్డి, 1968లో మార్క్సిస్టు పార్టీ నుంచి కూడా బయటికొచ్చాడు. 1969 మార్చిలో అసెంబ్లీ సభ్యత్వానికి ఇస్తీఫా ఇచ్చాడు. ఈ సభలతో అవామ్ సమస్యలు తీరవని అక్కడే తక్రీర్ చేసి వెళ్లిపోయాడు. ఆ ఏడాది చివర మద్రాసులో అరెస్టు. దేవులపల్లి వెంకటేశ్వరరావు తదితరులతో కలిపి హైదరాబాద్ కుట్ర కేసు.

ఆ అదాలత్‌లో ఆయన ఇచ్చిన బయానే తర్వాత పుస్తకం అయ్యింది. ముల్జిమ్ లేచి నిలబడి నేను తప్పు చేయలేదు అని చెప్పుకుంటాడని అందరూ అనుకుంటారు. ఆయన వందల పేజీల హిసాబ్ చదివాడు. ఏ కంపెనీలో ఎవరి వాటా ఎంత, ఏ అప్పు వెనుక ఏ షరతు, నూనెలో, మందుల్లో, ఎరువుల్లో విదేశీ సొమ్ము ఎంత. మొత్తం మీద ఆయన చెప్పింది ఒకటే: దేశం మీద కుట్ర చేసినవాళ్లు బోనులో లేరు, బయట ఉన్నారు. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న ఆయన చనిపోయాడు. పుస్తకం అచ్చులో వచ్చింది 1978లో. రాసిన మనిషి దాన్ని చూసుకోలేదు.

ఆయన చెప్పిందంతా నిజమైందా అంటే, కాదు. ఈ దేశం గింజల కోసం ఎప్పటికీ చెయ్యి చాపుతూనే ఉంటుందని ఆ పుస్తకం చదివితే అనిపిస్తుంది. 1970ల మొదట్లోనే పబ్లిక్ లా 480 గోధుమలు ఆగిపోయాయి. పంజాబ్, హర్యానా, మన కృష్ణా గోదావరి డెల్టాలు గోడౌన్లు నింపాయి. అప్పులు తెచ్చిన ప్రతి దేశమూ గులామ్ కాలేదు. కానీ ఆ పచ్చదనం నీళ్లున్నచోట వచ్చింది. అనంతపురం మెట్ట భూమికి వేరుశెనగ, బోరు బావి, బ్యాంకు అప్పు మిగిలాయి. ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మన పిల్లల తాతలు చాలామంది ఆ మెట్ట పొలాల్లోంచి, మగ్గాల మీదినుంచి వచ్చినవాళ్లే.

అసెంబ్లీ వదిలేయడం మాత్రం నాకు ఈరోజుకీ మింగుడు పడదు. ఆయన బాధ అర్థమైంది. కానీ అనంతపురం ఓటర్లు ఆయనకు ఇచ్చిన కుర్చీ ఒక అమానత్. హిసాబ్ అడగగల మనిషి లేచిపోతే, ఆ కుర్చీలో కూర్చునేది హిసాబ్ అడగని మనిషి. తర్వాతి యాభై ఏళ్లలో సీమ నుంచి ఎందరో పెద్ద నాయకులు లేచారు. విదేశీ ఒప్పందాల మీద, రక్షణ ఖర్చు మీద అంత లోతుగా లెక్క తీసిన చట్టసభ సభ్యుడి పేరు చెప్పమంటే నేను తడుముకుంటాను.

ఇప్పుడు మన ఇంటి సంగతి. నేను జర్నలిస్టునై ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో ఒక పత్రికలో బడ్జెట్ మీద రాస్తానంటే సరే అన్నారు. విదేశాంగం మీద రాస్తానంటే మాత్రం డెస్కులో ఒకాయన నవ్వుతూ, "నీకెందుకు భాయ్ లేనిపోని తలనొప్పి, ఉర్స్ వార్త ఉంది అది రాయి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా మంచికే చెప్పానని ఆయన నమ్మకం. మన నోట ఖారిజా పాలసీ అనే మాట రాగానే ఎదుటివాడి కళ్లల్లో ఒక చిన్న ప్రశ్న మెరుస్తుంది. అది చూసి చూసి మన పెద్దలు ఆ మాట ఎత్తడమే మానేశారు. మసీదు ముందు చాయ్ దగ్గర కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు.

కానీ ఖారిజా పాలసీ మన ఇంటికి రాకుండా ఆగిందా? 1990 ఆగస్టులో సద్దాం ఫౌజులు కువైట్‌లోకి దిగినప్పుడు, కడప, రాయచోటి, కదిరి వైపు మన ఇళ్లల్లో పొయ్యి వెలగని రోజులు గుర్తున్నాయా? నాకు గుర్తున్నాయి. మా చాచా అక్కడే ఉన్నారు. డబ్బు ఆగింది, ఉత్తరాలు ఆగాయి. దాదీ ముసల్లా మీదినుంచి లేచేది కాదు. అప్పుడు ఢిల్లీ, బాగ్దాద్‌తో మాట్లాడి, అమ్మాన్ నుంచి విమానాలు నడిపి, లక్షా 70 వేల మంది దాకా హిందుస్తానీలను వాపస్ తెచ్చింది. అది కూడా సర్కార్ ఖర్చే, అది కూడా ఖారిజా పాలసీనే. ఆ ఖర్చు సరైనదని మనకంటే బాగా ఎవరు చెప్పగలరు? అట్లే, ఏ ఆయుధం ఎంతకు కొన్నారు, ఏ అప్పుకు ఏ షరతు ఒప్పుకున్నారు, గల్ఫ్‌లో మన కూలీ జీతం గురించి ఒప్పందంలో ఏం రాసుకున్నారు అని అడగడానికి కూడా మనకు హక్ ఉంది. ఖుత్బా మధ్యలో లేచి, నీ ఒంటి మీద ఆ అదనపు గుడ్డ ఎక్కడిదని ఒక మామూలు మనిషి హజ్రత్ ఉమర్‌ను అడిగిన వాకయా మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం. ఆయన కోపం తెచ్చుకోలేదు, కొడుకును పిలిచి లెక్క చెప్పించారు.

నాగిరెడ్డిని గద్దార్ అన్నారు, ముల్జిమ్‌ను చేశారు. ఆయన గొంతు తగ్గించలేదు. అంకెలు ముందు పెట్టి మాట్లాడాడు. ఆయన మజ్హబ్ మనది కాదు, ఆయన దారి నాది కాదు. ఆయన అలవాటు మాత్రం మన పిల్లలకు కావాలి.

నానీమా రూపాయిల కథ చివరికి ఏమైందో చెప్పలేదు కదా. 1974 ఫిబ్రవరి 18న ఢిల్లీలో అమెరికా రాయబారి మొయినిహాన్, ఆ ఖాతాలో కుప్పపడిన రూపాయల్లో ఎక్కువ భాగాన్ని మాఫ్ చేస్తూ మన సర్కార్‌కు ఒక చెక్కు ఇచ్చాడు. 1,664 కోట్ల రూపాయలు. అప్పటికి ప్రపంచంలో ఒకరు రాసిన చెక్కుల్లో అదే పెద్దదని రికార్డు. నేను ఈ సంగతి చదివి నానీమాకు చెప్పేసరికి ఆమెకు కళ్లు సరిగ్గా కనిపించేవి కావు. అంతా విని, "అయితే నా పైసలు నాకే ఇచ్చి వాళ్లు పేరు తెచ్చుకున్నారన్నమాట" అంది. తర్వాత ఆ సంచి దులిపి, మడత పెట్టి, పెట్టె మీద మళ్లీ పరిచింది.